ఆగని చుక్కకు ఒక దర్జీ రాసిన బహిరంగ లేఖ

మనోహరాబాద్,
మెదక్ జిల్లా

చుక్కా,

నిన్ను నేను మొదటిసారి చూసింది ఆస్పత్రి గచ్చు మీద. ఆపరేషనైన పదకొండో రోజు పొద్దున మూత్రం పైపు తీసేశారు. "లేచి నాలుగడుగులు వెయ్యండి" అంది నర్సమ్మ. మంచం పట్టుకుని లేచాను. తొడల మధ్య వెచ్చగా ఏదో జారింది. కిందికి చూస్తే కుడి పాదం పక్కన, తెల్లటి టైలు మీద, రూపాయి బిళ్ళంత తడి. ఒంటేలు వస్తోందన్న ఎరుకే లేదు నాకు. ఆపుకుందామని చూశాను. ఆపడానికి లోపల ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. అరవై నాలుగేళ్ళు అడగకుండానే పనిచేసిందేదో ఆ పొద్దున పలకడం మానేసింది.

నర్సమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. "కొన్నాళ్ళు ఉంటది పెద్దనాయనా, తగ్గిపోతది" అంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందు సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో నీ పేరు ఉండే ఉంటుంది, కాని నీ గురించి నన్ను కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నేను దర్జీని. రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో చిన్న దుకాణం. మనోహరాబాద్ తూప్రాన్ మండలంలో ఒక ఊరుగా ఉన్న రోజుల నుంచీ ఉంది. 2016లో పాత మెదక్ జిల్లా విడిపోయి, మా ఊరే మండలమైనప్పుడు బోర్డు మీద అక్షరాలు మార్చి రాయించాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇక్కడి మగవాళ్ళ నడుములు, తొడలు కొలుస్తున్నాను. కాబట్టి గుడ్డ మీద నీ నడక నాకు బాగా తెలుసు. నూలు గుడ్డ నిన్ను పీల్చుకుని చుట్టూ పరుస్తుంది, గోరంత చుక్క అరచేయంత మరక అవుతుంది. టెర్రీకాటన్ మీద నువ్వు నిలవవు, జారి మోకాలి దాకా పోతావు. బూడిద రంగు నిన్ను అసలు దాచదు. నలుపు, ముదురు నీలం దాస్తాయి, కాని ఆరాక అంచున తెల్లటి గీత తేలుతుంది. ఈ సంగతులన్నీ ఆపరేషన్ తర్వాతి మొదటి రెండు నెలల్లో నా ఒంటి మీదే నేర్చుకున్నాను.

ఆ రెండు నెలల్లో నువ్వు నా దగ్గర్నుంచి తీసుకున్నవి చెప్తాను. పొద్దున చాయ్ మానేశాను. నీళ్ళు సగం చేశాను. పెళ్ళిళ్ళకు పోతే చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాను. అన్న కొడుకు పెళ్ళిలో బంతిభోజనానికి లేవమంటే "ఆకలి లేదు" అన్నాను, ఎందుకంటే నేను కూర్చున్న కుర్చీ మీద ఏం మిగులుతుందో నాకే తెలియదు. హనుమాన్ గుడికి పోవడం ఆపేశాను. తడి బట్టతో గడప దాటడానికి మనసు ఒప్పలేదు. మనవడు పరుగెత్తుకొచ్చి ఒళ్ళోకి దూకితే వాణ్ని పక్కకు దింపాను. వాడు నా మొహం చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు. మిగతావన్నీ తిరిగి తెచ్చుకోవచ్చు, ఆ పొద్దు మాత్రం తెచ్చుకోలేను.

ఇన్ని తీసుకుంటుంటే ఎందుకు నోరు తెరవలేదంటావా? చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే మాటన్నారు: "ప్రాణం దక్కింది కదా." నిజమే. పీఎస్ఏ పరీక్షలో లెక్క పెరిగింది, ముక్క తీసి చూస్తే క్యాన్సరని తేలింది, ప్రోస్టేట్ గ్రంథి మొత్తం తీసేశారు, ఇప్పుడు రక్తంలో క్యాన్సర్ జాడ లేదు. ఆ డాక్టరుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయితే ఆ దణ్ణమే నా నోరు కట్టేసింది. ప్రాణం నిలబెట్టిన మనిషి దగ్గరికి పోయి "ప్యాంటు తడుస్తోంది సారూ" అనడం ఎంత చిన్నతనమో అనిపించింది. ప్రతి చెకప్‌లో ఆయన "ఎట్లుంది?" అని అడిగాడు. "మంచిగుంది" అన్నాను. ఫైలులో అదే రాసుకున్నాడు. మూడు నెలలు నేను చెప్పిన ఆ అబద్ధం చాటున నువ్వు హాయిగా ఉన్నావు.

నిన్ను మొదట పట్టుకున్నది మా ఇంటామె. నేను దుకాణంలో మిగిలిన పాత లుంగీల ముక్కలు నాలుగు మడతలు కుట్టి లోపల పెట్టుకునేవాణ్ని. వాటిని ఎవరూ లేవకముందే ఉతికి బాత్రూం తలుపు వెనక మేకుకు వేలాడదీసేవాణ్ని. అవి ఆరేవి కావు. ముక్క వాసన వచ్చేది, తొడల దగ్గర ఒరిసిపోయి ఎర్రగా పొక్కింది. ఒకరోజు దుకాణం కట్టేసి ఇంటికొచ్చేసరికి పెరట్లో తీగ మీద ఆమె చీర ఆరేసి ఉంది. గాలికి చీర కొంగు లేస్తే దాని కింద వరుసగా నా గుడ్డముక్కలు. ఎండ తగిలేలా, బజారులో పోయేవాళ్ళకు కనబడకుండా.

నేను నిలబడిపోయాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది: "తడి గుడ్డలు నీడకు ఎయ్యొద్దు. ఎండకు ఎయ్యాలె. పైన చీర కప్పితే ఎవలకు కనబడవు. మాకు పన్నెండేండ్ల కాన్నుంచి అలవాటే." పెళ్ళయి ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ తీగ మీద చీరల కింద ఏమి ఆరుతుండేవో నేను ఒక్కనాడూ చూడలేదు, అడగలేదు. ఆ రాత్రి ఆమెకు అన్నీ చెప్పాను. ఆమె విని, "రేపు డాక్టర్ దగ్గరికి నేనూ వస్త" అంది. వచ్చింది. "ఎట్లుంది?" అని ఆయన అడగ్గానే, నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పింది.

ఆ రోజు డాక్టరు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాడు. ఆ ఇరవై నిమిషాలు మూడు నెలల ముందే నాకు దక్కాల్సింది. నా పనేమిటో తెలుసు కాబట్టి పైజామా నాడాతో పోల్చి చెప్పాడు. మూత్రం సంచి కింద రెండు నాడాలుంటాయి. పైది సంచి మూతి దగ్గర, మన ప్రమేయం లేకుండా బిగుసుకునేది. కిందిది ప్రోస్టేట్ గ్రంథికి దిగువన, మనం కావాలంటే బిగించగలిగేది. అక్రోటుకాయంత ఉండే ఆ గ్రంథి సరిగ్గా ఈ రెండింటి నడుమ, మూత్రనాళం చుట్టూ కూర్చుని ఉంటుంది. క్యాన్సరని గ్రంథి మొత్తం తీసేటప్పుడు పై నాడా పని కూడా దానితో పోతుంది. సంచిని నాళానికి మళ్ళీ అతికి కుడతారు. ఇక బరువంతా కింది నాడా ఒక్కటే మోయాలి. దానికి అంత పని అలవాటు లేదు. పైగా కోత దాని అంచు దాకా వచ్చింది కాబట్టి కొన్నాళ్ళు మొద్దుబారి ఉంటుంది.

అందుకే నువ్వు నేను దగ్గితే వస్తావు, తుమ్మితే వస్తావు, కుర్చీలోంచి లేస్తే వస్తావు, గుడ్డ తాను ఎత్తితే వస్తావు. పడుకుంటే రావు. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ వస్తావు, ఎందుకంటే రోజంతా పట్టి పట్టి కింది నాడా అలసిపోతుంది. ఈ లెక్క తెలిసిన రోజున నాకు సగం బలం వచ్చింది. ముసలితనం వచ్చిపడిందని, ఏదో పాపం పండిందని అనుకుంటూ ఉన్నాను. అసలు సంగతి ఒక కండరం. కండరమైతే కసరత్తు ఉంటుంది.

గ్రంథి ఉబ్బిందని లోపలి నుంచి చెక్కే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో కూడా నువ్వు కనబడతావట, కాని తక్కువమందిలో, ఎక్కువగా వేరే రూపంలో: వచ్చిందంటే మరుగుదొడ్డి దాకా ఆగనివ్వని తొందర. ఆ తేడా ఎందుకు ముఖ్యమో తర్వాత చెప్తాను.

కసరత్తు నేను అప్పటికే చేస్తున్నాను, తప్పుగా. తెలిసినవాళ్ళ అబ్బాయి ఫోన్లో ఒక వీడియో పంపితే చూసి, రెండు నెలలు పిరుదులు బిగించి, పొట్ట లోపలికి లాగి, ఊపిరి పట్టి ముక్కుతూ చేశాను. డాక్టరు నన్ను ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపాడు. మా చిన్నమ్మాయి వయసుంటుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి ఒకసారి బిగించమంది. వెంటనే చెప్పింది: "అంకుల్, మీరు పైనుంచి కిందికి నెట్టుతున్నారు. అది లీకును ఆపదు, ఇంకా తోస్తుంది." సిగ్గుతో నా చెవులు కాలిపోతుంటే ఆమె మాత్రం మోకాలి నొప్పి గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పుకుపోయింది. "పదిమందిలో గాలి పోకుండా ఆపుకుంటాం కదా, అది బిగించండి. దానితోపాటు అంగం మొదలు లోపలికి లాక్కోండి, వృషణాలు పైకి లేచినట్టు. పొట్ట మెత్తగా ఉండాలి. పిరుదులు కదలకూడదు. ఊపిరి నడుస్తూనే ఉండాలి. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి చూసుకోండి, కొద్దిగా కదలిక కనబడితే సరైనదే పట్టుకున్నట్టు."

అద్దం ముందు నాలుగు రోజులు ఏమీ కదల్లేదు. ఐదో రోజు కదిలింది. సూదిలో దారం ఎక్కినట్టు, ఎక్కిన క్షణం తెలిసిపోయింది.

ఒంటేలు పోస్తూ మధ్యలో ఆపడం కండరం ఎక్కడుందో కనుక్కోవడానికి ఒకసారి చేసి చూడొచ్చట, దాన్నే కసరత్తుగా మార్చుకోవద్దంది, సంచి పూర్తిగా ఖాళీ కాకుండా పోతుందని. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి, మళ్ళీ పది అంకెలు పూర్తిగా వదిలెయ్యాలి. అట్లా పది సార్లు, రోజుకు మూడు పూటలు. వదలడం కూడా కసరత్తులో భాగమే అని ఆమె పదేపదే చెప్పింది. తర్వాత టకటకా బిగించి వదిలేవి పది. మొదట పడుకుని, కుదిరాక కూర్చుని, ఆపైన నిలబడి. నాకు మొదట్లో నాలుగో అంకెకే జారిపోయేది. నాలుగుతోనే మొదలుపెట్టమంది.

ఈ కసరత్తుకు పేరు పెట్టిన ఆర్నాల్డ్ కెగెల్ అమెరికాలో ఆడవాళ్ళ డాక్టరు. కాన్పుల తర్వాత ఆడవాళ్ళకు వచ్చే ఇదే బాధ కోసం 1948లో రాశాడు. మగవాళ్ళకు అది తర్వాత వచ్చి చేరింది. ఇంకో మాట కూడా ఆమె చెప్పింది, ప్రతి మగవాడి చెవిన పడాల్సిన మాట: ఈ కసరత్తు ఆపరేషన్‌కు ముందే నేర్చుకుని ఉంటే కండరం ఎక్కడుందో వెతుక్కునే పని ఉండేది కాదు. ఆపరేషన్ తేదీ కోసం నేను ఇంట్లో మూడు వారాలు ఊరికే కూర్చున్నాను. ఆ మూడు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ముందుగా బిగించడం. దగ్గు వస్తుందని తెలిసిన క్షణంలో, దగ్గకముందే, బిగించాలి. లేచేముందు బిగించి లేవాలి. తాను ఎత్తేముందు బిగించి ఎత్తాలి. వినడానికి ఇంత చిన్నది, అలవాటవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. మిషన్ మీద కూర్చుని కుట్టు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, దారం తెంపి లేచేటప్పుడు ఒకసారి. ఇప్పుడు కత్తెర శబ్దం వింటే చాలు, లోపల దానంతటదే లేస్తుంది.

నిన్ను తూకం వేయమన్నది కూడా ఆ అమ్మాయే. పొడి ప్యాడ్ ఎంత, తీసేసినప్పుడు ఎంత. ఒక గ్రాముకు ఇంచుమించు ఒక మిల్లీలీటరు లెక్క. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొన్నాను. మా కొలతల పుస్తకం ఉంటుంది కదా, నడుము, పొడవు, మోరీ రాసుకునేది, దాని చివరి పేజీల్లో నీ లెక్క రాశాను. 24 గంటలకు మూడో నెలలో 420 గ్రాములు. నాలుగో నెలలో 310. ఐదులో 325, ఆ నెల జలుబు చేసి తెగ దగ్గాను. ఆరులో 140. ఇప్పుడు పదో నెల, మొన్న ఆదివారం వేస్తే 35. నిన్ను అంకెగా చూడటం మొదలుపెట్టాక నీ మీద భయం తగ్గింది. ఐదో నెల 325 చూసి ఏడుపొచ్చిన మాట నిజం. ఆ పక్కనే "దగ్గు" అని రాసి ఉండటం వల్లనే మానకుండా చేశాను.

నీళ్ళు తగ్గిస్తే నువ్వు తగ్గుతావని నేను అనుకున్నది శుద్ధ తప్పు. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి సంచిని మండిస్తుంది, తొందర పెంచుతుంది, చీము పట్టడానికి దారి తీస్తుంది, మలబద్ధకం తెస్తుంది, ముక్కితే మళ్ళీ నువ్వే. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగమన్నారు, పడుకునే ముందు రెండు గంటలు మాత్రం ఆపమన్నారు. చాయ్ రెండు కప్పులకు కట్టడి చేశారు. బీడీ పూర్తిగా మానిపించారు, దాని దగ్గు కోసం. బీడీ మానడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఇక నీ గురించి ఈ లేఖ రాయడానికి అసలు కారణం చెప్తాను. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం దుకాణానికి ఒకాయన వచ్చాడు. మా ఊరి మనిషే, మసీదు వెనక గల్లీ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. చేతిలో ముదురు గోధుమ రంగు ప్యాంటు. పక్కనున్న కుర్రాడు పోయేదాకా ఆగి అడిగాడు.

"టైలరన్నా, దీనికి లోపల ఇంకో తునక ఏసి కుట్టనొస్తదా?"

"ఎక్కడ భాయ్?"

"ముందట. మందం గుడ్డ ఉంటే మంచిది."

"ఎందుకు?"

"గట్లనే. చెమట."

అది పుష్యమాసం చలి. నేను ప్యాంటు తిరగేసి చూశాను. ముందు కుట్టు దగ్గర, జిప్పు కింద, ఆరిన తెల్లటి గీత. ఒకదాని మీద ఒకటి మూడు గీతలు. ఆ గీత నాకు నా ఇంటి ముగ్గు కంటే బాగా తెలుసు. షట్టరు సగం దించి, స్టూలు జరిపి, "భాయ్, ఆపరేషన్ ఎప్పుడైంది?" అని అడిగాను. ఆయన నా వైపు చూసి చాలాసేపు మాట్లాడలేదు. నేను కొలతల పుస్తకం చివరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

ఆయనది గ్రంథి ఉబ్బినందుకు చేసిన ఆపరేషన్. ఏడాదిన్నర అయింది. నాలా దగ్గితే రావడం కాదు, ఉన్నట్టుండి తొందర, దొడ్డి తలుపు గొళ్ళెం తీసేలోపే తడి. రాత్రి ఐదుసార్లు లేవడం. జుమ్మా నమాజుకు కూడా పోవడం మానేశాడు. సజ్దాలో వంగితే ఏమవుతుందోనని. తర్వాత మా ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకాయన చెప్పాడు: ఆగని మూత్రం ఉన్నవాడికి షరియత్‌లోనే మినహాయింపు ఉంది, ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని చదువుకోవచ్చు, నడుమ చుక్క పడినా నమాజు పోదు అని. ఆ ఒక్కమాట ఏడాదిన్నర క్రితం ఎవరైనా చెప్పి ఉంటే ఆయన అన్ని శుక్రవారాలు గుమ్మంలో ఒంటరిగా కూర్చునేవాడు కాడు.

రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు తాగుతున్నాడు. మంట ఉంది. "వయసు గదా అన్నా" అన్నాడు. నేను తునక కుట్టి ఇచ్చాను, కాని డబ్బులు తీసుకోకుండా షరతు పెట్టాను, డాక్టర్ దగ్గరికి నాతో రావాలని. వెళ్ళాం. మూత్రం పరీక్షలో చీము తేలింది. స్కానింగ్‌లో ఒంటేలు పోసొచ్చాక కూడా సంచిలో ఎంత మిగిలిందో చూశారు. మందులిచ్చి చీము తగ్గించాక తొందరకు వేరే మాత్రలు మొదలుపెట్టారు, సంచి అకారణంగా ముడుచుకోకుండా వదులు చేసేవి. సాలిఫెనాసిన్, టాల్టెరోడిన్, మిరాబెగ్రాన్ లాంటివి ఈ జాతిలో ఉన్నాయట. వాటిలో కొన్నిటికి నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, మతిమరుపు ఉన్నవాళ్ళకు జాగ్రత్త అవసరం. బీపీ చూసి ఇవ్వాల్సినవీ ఉన్నాయి. కాబట్టి పక్కింటివాడి చీటీ చూపించి మందుల షాపులో కొనకూడదు. నాకు ఆ మాత్రలు పనికిరావు, ఆయనకు నా కసరత్తు ఒక్కటే చాలదు. ఇందాక తేడా ముఖ్యమని అన్నది ఇందుకే. ధార సన్నబడినా, పూర్తిగా ఆగిపోయినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయొద్దని డాక్టరు ఇద్దరికీ కలిపి చెప్పాడు. కుట్టు దగ్గర నాళం మూసుకుపోతే సంచి పొంగి కూడా నువ్వు కారతావట.

ఆ రోజు ఓపీ వరుసలో మా పక్కన ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు కూర్చున్నాడు. మేమిద్దరం గుసగుసలాడుతుంటే విని, తానే కలిశాడు. ఆయనకు నాలాంటి ఆపరేషనే, కాని రెండేళ్ళు కసరత్తు చేసినా రోజుకు ఆరు ప్యాడ్లు. చివరికి లోపల యంత్రం పెట్టించుకున్నాడు. దాన్ని కృత్రిమ స్ఫింక్టర్ అంటారు. మూడు ముక్కలు: మూత్రనాళం చుట్టూ నీళ్ళు నిండిన ఒక కంకణం, పొత్తికడుపులో ఒక చిన్న బుడగ, వృషణాల సంచిలో ఒక పంపు. ఒంటేలు వచ్చినప్పుడు వృషణాల సంచి మీది నుంచే పంపును రెండు మూడుసార్లు నొక్కితే కంకణంలో నీళ్ళు బుడగలోకి పోయి నాళం తెరుచుకుంటుంది. కాసేపటికి నీళ్ళు తమంతట తామే తిరిగొచ్చి మూసేస్తాయి. ఆయన చెయ్యి గాల్లో నొక్కి చూపించాడు, హారన్ కొట్టినట్టు. మొహంలో వెలుగు. "ఆర్నెల్లాయె, ఒక్క ప్యాడు కొనలే" అన్నాడు.

ఈ యంత్రాన్ని హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1972లో మొదట మనిషిలో పెట్టారు. ఎక్కువగా వాడే ఏఎంఎస్ 800 రకం 1983లో వచ్చింది. అంటే నేను దుకాణం పెట్టకముందు నుంచే ఉంది. పెట్టాక పుండు మానేదాకా, సుమారు ఆరు వారాలు, దాన్ని పని చేయించరు. ఏళ్ళు గడిస్తే మార్చాల్సి రావచ్చు. చీము పడితే తీసెయ్యాల్సీ రావచ్చు. ముఖ్యంగా ఇంకే జబ్బుతో ఏ ఆస్పత్రిలో చేరినా, మూత్రం పైపు వేసేముందు యంత్రం ఉందని చెప్పాలి, దాన్ని తెరిచి పెట్టకుండా పైపు దూరిస్తే నాళం దెబ్బతింటుంది. డ్రైవరుగారు యంత్రం ఉందని రాసిన కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఆయన భార్య చేతిసంచిలో ఇంకోటి. ఖర్చు మాత్రం లక్షల్లో. అది అందరికీ అందదన్న సంగతి ఆయనే మెల్లగా అన్నాడు, కూతురి పేరున దాచింది తీశానని.

కొద్దిగా, మధ్యరకంగా కారేవాళ్ళకు స్లింగ్ అనే పట్టీ ఉంది, నాళాన్ని కింద నుంచి ఎత్తిపట్టేది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నవాళ్ళకు అది అంతగా కుదరదు. ఏడాది గడిచినా నువ్వు వదలకపోతే ఈ ఆపరేషన్ల సంగతి మాట్లాడాలని, ఆరు నెలలకే తగ్గుదల కనబడకపోతే ఇంకా ముందే ఆలోచించవచ్చని అమెరికా యూరాలజీ సంఘం 2019లో చెప్పింది. అంటే "తగ్గిపోతది" అన్న మాటకు గడువు ఉంది. మా డాక్టరు గడువు నాకు పన్నెండో నెల. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మూడింటిలోనూ యూరాలజీ విభాగాలున్నాయి. మనోహరాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు రైలుంది. దారి తెలిసి కూడా అడగడానికి నోరు రాక ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఎంతమందో.

రైలంటే గుర్తొచ్చింది. చెకప్‌కు పోయిన ఒక రోజు స్టేషన్ మరుగుదొడ్డిలో ప్యాడు మార్చుకున్నాను. తీసిన ప్యాడు వెయ్యడానికి డబ్బా లేదు. బయటికొచ్చి మగవాళ్ళ వైపంతా వెతికాను. చివరికి రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, అన్నం డబ్బా పక్కన సంచిలో పెట్టుకుని సాయంత్రం దాకా మోశాను. ఆ రోజు అన్నం తినలేదు. ఆడవాళ్ళ వైపు డబ్బా పెట్టాలని ఇప్పుడిప్పుడే చాలాచోట్ల తెలిసింది, మంచిదే. మగవాళ్ళకు కూడా ప్యాడు ఉంటుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. బ్రిటన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే అనే సంస్థ దీని మీద ఉద్యమమే నడిపింది, మగవాళ్ళ మరుగుదొడ్లలో డబ్బాలు పెట్టాలని. మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఎంతవుతుంది? స్టేషన్లో, బస్టాండులో, ఫంక్షన్ హాల్లో, గుడి వెనక, మసీదు వుజూఖానా పక్కన ఒక్కొక్కటి. నా దుకాణం వెనక ఉన్న చిన్న దొడ్డిలో నేను పెట్టాను. పక్కన మేకుకు పాత పేపర్లు, ఒక సబ్బు. ఎవరైనా వాడుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు.

ఆ షట్టరు సగం దించిన సాయంత్రం తర్వాత ఇంకో ముగ్గురొచ్చారు. ఎవరు ఎవరికి చెప్పారో నాకు తెలియదు. ఒకాయన కళ్లకల్ దగ్గర కంపెనీలో వాచ్‌మన్. పన్నెండు గంటల డ్యూటీలో లేచి పోవడానికి లేక కండోమ్ లాంటి తొడుగు, దానికి గొట్టం, పిక్కకు కట్టే సంచి వాడుతున్నాడు. సంచి పట్టీలు పిక్క కోస్తున్నాయని వస్తే మెత్తటి బనియన్ గుడ్డతో వెడల్పు పట్టీలు కుట్టి ఇచ్చాను. ఇంకొకాయన అంగానికి బిగించే క్లిప్పు తెప్పించుకుని రాత్రి కూడా తీయకుండా పడుకుంటున్నాడు. దాన్ని రెండు గంటలకోసారి వదలాలి, నిద్రలో అసలే పెట్టకూడదు, రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. డాక్టర్ చెప్పిన ఆ మాట చెప్పి అక్కడే తీయించాను. మూడో ఆయన ఏమీ చెప్పలేదు. లోపలి తునక కుట్టించుకుని పోయాడు. ఇంకోసారి వస్తాడు.

లోపలి తునకకు నేనో పద్ధతి కనిపెట్టాను. పాత మెత్తటి నూలు రెండు మడతలు, కింద గొడుగు గుడ్డ ఒక మడత, మూడు వైపులా కుట్టి ఒక వైపు జేబులా వదిలెయ్యడం. ప్యాడు ఆ జేబులోకి దూరుతుంది, నడిస్తే జరగదు. లోపలి గుడ్డ ముడత పడకుండా ఏటవాలుగా కత్తిరించాలి, లేకపోతే తొడకు ఒరుస్తుంది. మా ఇంటామె చూసి, అంచు లోపలికి మడవమంది, ఆ కుట్టు తోలుకు తగలకుండా. ఆమె చెప్పిందే మంచిది. దీనికి డబ్బులు తీసుకోవడం లేదు.

చుక్కా, నువ్వింకా పోలేదు. మొన్న సూటు గుడ్డ తాను పై అరలోంచి దించుతుంటే ఒకసారి వచ్చావు. నవ్వితే వస్తావు, నా మనవడు నవ్విస్తాడు, వాణ్ని ఇప్పుడు ఒళ్ళోంచి దింపడం లేదు. రోజుకు ఒక పలచటి ప్యాడు. ఇంకో రెండు నెలలకు పన్నెండో నెల వస్తుంది. డాక్టరును అడగాల్సినవి కొలతల పుస్తకంలో రాసి పెట్టుకున్నాను: ఈ 35 గ్రాములు ఇంకా తగ్గుతాయా, తగ్గకపోతే పట్టీ నాకు కుదురుతుందా, దానికి ఎంతవుతుంది. మూడు ప్రశ్నలూ పెద్ద అక్షరాలతో రాశాను. ఆయన "ఎట్లుంది?" అనగానే ఆమె చదువుతుంది.

దుకాణం ముందు ఎవరో ఆగారు. చేతిలో ప్యాంటు మడతపెట్టి పట్టుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. కుర్రాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూస్తున్నాడు. పెన్ను పక్కన పెడుతున్నాను. ముందు బిగించి, ఆ తర్వాత లేస్తున్నాను.

ఇట్లు,
మనోహరాబాద్ దర్జీ